మోటారు సైకిలు దీపములు - వాని తీగెల కథ



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపదలచినది మోటారు సైకిలు దీపముల చరిత్రము. ఇది పడుచువాండ్ర ముచ్చట, మనకేల యని మీలో కొంద రనుకొనవచ్చును. కాని రాత్రివేళ పొలమునుండి బండి తోలుకొని యిలుసేరువాడును, దారి యంచున చేతికఱ్ఱతో నడచువాడును, మోటారు సైకిలు నెక్కకయే దాని దీపముల మేలును కీడును అనుభవించుచున్నారు. అదియునుగాక కుమారుడో మనుమడో వచ్చి, "తాతా, బండికున్న దీపము చాలదు, ముందువైపున మఱి రెండు దీపములు పెట్టించుకొందును" అని యడిగినపుడు సొమ్మిచ్చువారు మీరే. అట్టి సమయమున దీపము వెల యెంత యని యడుగుట అందఱికిని తెలియును. దానికి తీగె నెక్కడినుండి తెత్తువు అని యడుగువా రరుదు. ఆ రెండవ ప్రశ్నమే ముఖ్యమైనది. అది యెట్లు ముఖ్యమయ్యెనో చెప్పుటకే నేనీ కథ నెత్తుకొన్నాను.

దీపమును అంగడిలో కొనవచ్చును. దానికి ఆహారమును క్షేమముగా చేర్చు మార్గము మాత్రము మనుష్యులు నూఱేండ్లకు పైగా, కొన్ని దహనములచేతను కొన్ని ప్రేలుడులచేతను నేర్చుకొన్నది.

1885వ సంవత్సరమున జర్మనీ దేశమందలి కాన్‌స్టాట్ అను పట్టణమున గొట్లీబు డైమ్లరు, విల్‌హెల్ము మైబాకు అను నిరువురు కలిసి ఒక కొయ్యబండిని నిర్మించిరి. పెట్రోలు యంత్రముతో నడచిన మొదటి మోటారు సైకిలు అదియే యని చరిత్రకారులు పెక్కుమంది యెన్నుదురు. ప్రక్కకు ఒరగకుండ దాని కిరువైపుల రెండు చిన్న చక్రములు కూడ నుండెడివి. దానికి దీపము లేదు. అవసరమును లేదు, దాని వేగము పరుగెత్తు మనుష్యుని వేగమునకు మించినది కాదు. 1894లో మ్యూనికు నగరమున హిల్డెబ్రాండు, వుల్ఫ్‌ముల్లరు అనువారు ఇట్టి బండ్లను విక్రయించుటకై చేయ నారంభించిరి. 1896లో ఇంగ్లాండున వెలువడిన శాసనము, మోటారు బండ్లు గంటకు 14 మైళ్లకు మించి పోరాదనియు, రాత్రివేళ దీపము తగిలించుకొని పోవలెననియు విధించెను. ఆనాటి దీపము బండివానికి దారి చూపుటకు ఉద్దేశింపబడినది కాదు. అదిగో బండి వచ్చుచున్నది అని యితరులకు తెలుపుటకు మాత్రమే. మన రెండెడ్ల బండి యిరుసునకు వ్రేలాడిన లాంతరు చేసిన పనియు నదియే కదా.

ఆ చమురు దీపములు మోటారు బండికంటె ముందుగా సైకిళ్లకొఱకు పుట్టినవి. ఇంగ్లాండులోని బర్మింగుహాము నగరమున జోసెఫు లూకాసు అను నొక బీదవాడు తోపుడుబండి మీద కిరసనాయిలు పెట్టుకొని వీధులవెంట అమ్ముచు సంసారము నడిపెడివాడు. చమురు కొనువారికి లాంతరులు కూడ కావలెను గనుక క్రమముగా లాంతరుల వర్తకములోనికి దిగెను. 1879 ప్రాంతమున అతడు సైకిళ్లకై "దారికి రాజు" అను నర్థమువచ్చు నొక దీపమును అమ్మకమునకు పెట్టెను. ఈ పేరును కొంచెము జ్ఞప్తియం దుంచుకొనుడు. దీని మీద ఒక పరిహాసము తరువాత రానున్నది.

బండ్ల వేగము హెచ్చినకొలది చమురు దీపము చాలకపోయెను. అప్పుడు వచ్చినది కార్బైడు దీపము. కార్బైడు రాళ్లు మీకు క్రొత్తవి కావు. మామిడికాయలను త్వరగా మాగించుటకు కొందఱు వర్తకులు దొంగచాటుగా వాడుచుండిన బూడిదరంగు గడ్డలు అవియే; ఆ వాడుకను ప్రభుత్వము నిషేధించినది. గ్యాసు వెల్డింగు చేయు కొట్లలోను వీనిని చూచియుందురు. సున్నమును బొగ్గును మిక్కిలి తీవ్రమైన వేడిలో కలిపినచో నీ పదార్థ మేర్పడును. 1862లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు వోలరు దీనిని సిద్ధపఱచి, దీనిపై నీరు పోసినచో అసిటిలీను అను మండెడు వాయువు పుట్టునని కనిపెట్టెను. కాని అది ముప్పదియేండ్లు ప్రయోగశాలలోనే నిలిచియుండెను. 1892లో ఉత్తర కరోలినా రాష్ట్రమున థామసు విల్సను అను నతడు అల్యూమినియమును చౌకగా తీయవలెనని విద్యుత్ కొలిమితో ప్రయత్నించుచుండగా, వెదకినది దొరకక ఈ కార్బైడు దొరకినది. అటుపిమ్మట అది టన్నులకొలది తయారగుటకు మొదలిడెను. 1900లో అమెరికాలో ఫ్రెడరికు బాల్డ్విను సైకిలునకు తగిన కార్బైడు దీపమునకు పేటెంటు పొందెను.

ఈ దీపమున రెండు గదులుండును. పై గదిలో నీరు. క్రింది గదిలో కార్బైడు గడ్డలు. నడుమ నొక చిన్న మర. మర త్రిప్పినచో నీటిబొట్లు ఒకటొకటిగా గడ్డలమీద పడును. వాయువు పుట్టును. అది రబ్బరు గొట్టముగుండ ముందున్న దీపమునకు పోయి, అచ్చట తెల్లని జ్వాలతో మండును. వెనుక నున్న అద్దము ఆ వెలుగును దారి మీదికి త్రోయును. చమురు దీపము చూచిన కన్నులకు అది పట్టపగలువలె తోచెను. అయిన నందు చిక్కులనేకములు. మర మూసినను తడిసిన గడ్డలు వాయువు నిచ్చుచునే యుండును గనుక దీపమును తలచినంతనే యార్పుటకు వీలులేదు. చలిదేశములలో నీరు గడ్డకట్టును. మఱునాడుదయమున మిగిలిన సున్నపు ముద్దను గోకి పారవేయవలెను. ఆ దుర్గంధమును భరింపవలెను.

వీనియన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది ఆ రబ్బరు గొట్టము. వాయువు పుట్టు పాత్ర బండి చట్రమునకు బిగింపబడియుండును. దీపము హాండిలు దగ్గఱ నుండును. హాండిలును త్రిప్పినప్పుడెల్ల గొట్టము ఆ మెడ దగ్గఱ వంగును, రాచుకొనును, కొంతకాలమునకు పగులును. పగిలినచోట వాయువు కారును. అసిటిలీను గాలితో కలిసినప్పుడు నిప్పురవ్వ చాలును. ఆ వాయువును సిలిండరులలో నింపి యమ్ముటకు 1904లో అమెరికాలోని ఇండియానాపొలిసు నగరమున కార్లు ఫిషరు, జేమ్సు ఆలిసను అనువారు వ్యాపారము ప్రారంభించి ధనవంతులైరి గాని, సిలిండరులు నింపు వారి కార్యశాలలు 1907, 1908 సంవత్సరములలో ప్రేలిపోయినవి. దీపమునకు పోవు ఆహారమే ప్రమాదకరమైనదనియు, దాని మార్గము పగులుచోటు హాండిలు మెడ యనియు ఆనాడే తేలినది. విద్యుత్తు వచ్చిన పిదపను ఆ చోటు మాఱలేదు. నేడును మోటారు సైకిలు తీగె తెగునది, రాచుకొనునది తఱచుగా నక్కడనే.

ఇక విద్యుత్తు సంగతి. సీసపు పలకలతో విద్యుత్తును నిలువచేయు బ్యాటరీని ఫ్రాన్సు దేశమున గాస్టను ప్లాంతే 1859లోనే చేసియుండెను. కాని బండి కుదుపులకు అది నిలుచుటయు, నడచుచుండగా దానిని మరల నింపుటయు చాలకాలము సాధ్యము కాలేదు. యంత్రములో పెట్రోలును వెలిగించు నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును బ్యాటరీ లేకయే పుట్టించు మాగ్నెటో యంత్రమును జర్మనీలో రాబర్టు బాషు కార్యశాలలో పనిచేసిన హోనల్డు 1902లో చక్కబఱచెను. దీపము, డైనమో, ప్రవాహమును క్రమబద్ధము చేయు సాధనము - ఈ మూడును కలిపి ఒకే ఏర్పాటుగా ఆ సంస్థవారే 1913లో మోటారు బండ్లకు విక్రయించిరి. మఱుసటి యేడు అమెరికాలోని ఇండియను అను కంపెనీ - పేరుకేగాని మన దేశముతో దానికి చుట్టఱికము లేదు - విద్యుద్దీపములును, విద్యుత్తుతో యంత్రమును లేపు సాధనమును గల మోటారు సైకిలును వెలువరించెను. బ్యాటరీలు ఆ భారమునకు తాళలేకపోయినవి; ఆ బండి ఒక్క యేడాదితోనే ఆగిపోయెను. చూచితిరా, మోటారు సైకిలు మీద విద్యుత్తునకు సంబంధించిన తొలి యపజయములలో నొకటి దీపముది కాదు. దాని భారమును మోయవలసిన మూలముది.

తరువాత ఇంగ్లాండున కిరసనాయిలు తోపుడుబండి లూకాసు పేరుగల కంపెనీవారే మాగ్నెటోను డైనమోను ఒకదానిపై నొకటి కూర్చి "మాగ్‌డైనో" అను సాధనమును చేసిరి. 1920 తరువాత నిరువది ముప్పది యేండ్లు బ్రిటిషు మోటారు సైకిళ్లలో నది విశేషముగా వాడుకలో నుండెను. ఆ బండ్ల బ్యాటరీ ఆఱు వోల్టులది. తఱచుగా కనబడు డైనమోలు 60 వాట్లకు మించనివి. వాన కురిసినను దుమ్ము పట్టినను దీపము మినుకుమినుకు మనెడిది. అప్పుడు బండి తోలువారు "దారికి రాజు" దీపము చేసిన కంపెనీకి "చీకటికి రాజకుమారుడు" అని బిరుదిచ్చి నవ్వుకొనిరి. నా యభిప్రాయములో నీ పరిహాసము కొంత యన్యాయమైనది. పెక్కు సందర్భములలో నేరము బల్బుదియు కాదు, డైనమోదియు కాదు. దీపమునుండి బ్యాటరీకి తిరిగి వచ్చు ప్రవాహమునకు వేఱు తీగె వేయక, బండి యినుప చట్రమునే తీగెగా వాడుకొనుట వాడుక. చట్రమునకు రంగు పూసియుండును. బిగింపులకు త్రుప్పు పట్టును. పోవుదారి బాగుండి తిరిగివచ్చుదారి చెడినచో దీపము వెలుగునా?

ఈ చిక్కునకు లెక్క యెన్నడో తెలిసియుండెను. 1827లో జర్మనీయుడగు ఓము, వోల్టులకును, ప్రవాహమునకును, తీగె యొసగు నిరోధమునకును గల సంబంధమును తెల్పెను. 1841లో ఇంగ్లీషువాడగు జూలు, తీగెలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగునని నిరూపించెను. అనగా ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలు. బోదెలో నీటిని గూర్చి మీకు తెలిసినదానికిని దీనికిని పోలిక కలదు గాని, బోదె గట్టు తెగుటకు ముందు నీరు పొర్లుట కంటికి కనబడును. తీగె తొడుగు లోలోపల మెత్తబడుట కనబడదు. 30 వాట్ల బల్బు ఆఱు వోల్టులతో 5 ఆంపియరుల ప్రవాహమును త్రాగును. పండ్రెండు వోల్టులతో రెండున్నఱ చాలును. ప్రవాహము సగమైనందున అదే తీగెలో వేడి నాల్గవ వంతునకు దిగును. మోటారు సైకిళ్లు క్రమముగా ఆఱు వోల్టులను విడిచి పండ్రెండు వోల్టులకు వచ్చుటకు ఇది గొప్ప కారణము. 1955లో మదరాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీవారి బుల్లెట్టు బండ్లును తొలుత ఆఱు వోల్టులతో నడచి, పిదప పండ్రెండునకు మాఱినవే.

బల్బులలో మార్పు మఱియొక వైపునుండి వచ్చెను. గాజులోపల హాలోజను వాయువును చేర్చి, తీగె చుట్టను మిక్కిలి వేడిగా మండించియు చెడకుండ నిలుపు బల్బునకు 1959లో అమెరికాలో పేటెంటు లభించెను. 1962లో ఐరోపాలో మోటారు బండ్లకు హాలోజను దీపము వచ్చెను. 1971లో ఒకే బల్బులో రెండు చుట్టలు గల రకము వచ్చెను. దూరపు వెలుగునకు 60 వాట్లు, దించిన వెలుగునకు 55 వాట్లు అని దానికి కొలత. దీపమును మార్చుట యెంత తేలికయో అప్పుడే అందఱికిని తెలిసినది. మఱి తీగెలను మార్చిన వారెందఱు? 35 వాట్ల బల్బునకై అమర్చిన సన్నని తీగెకు 60 వాట్ల బల్బును, 60 వాట్లదానికి 100 వాట్ల బల్బును తగిలించుట ఊరూర జరిగినది. మూడు నాలుగు నెలలు బాగుగనే వెలుగును. పిదప బల్బు వెనుకనున్న ప్లాస్టికు దిమ్మ పసుపుబాఱి, గోధుమరంగై, కరగును. హాండిలు మీది స్విచ్చి లోపలి రేకులు నల్లబడును. ఇంతలో, "ఈ బల్బు మంచిది కాదు" అని యజమాని మఱియొక బల్బు కొనును.

ఇదే తప్పు తోడు దీపముల విషయమున రెండింతలై కనబడుచున్నది. నేనొక బస్తీలో, దుకాణదారుడు రెండు క్రొత్త దీపముల తీగెలను పాత దీపము తీగె తొడుగును గోరుతో చీల్చి చుట్టి, నల్లని టేపు చుట్టి, పదినిముషములలో పంపివేయుట చూచితిని. లెక్క వేయుదము. 55 వాట్ల హాలోజను దీపములు రెండు కలిసి 110 వాట్లు. పండ్రెండు వోల్టులతో భాగించినచో తొమ్మిది ఆంపియరులకు కొంచెము మించును. పాత తీగెలును స్విచ్చియు కలిసి అర ఓము నిరోధము కలవియై, అందు తొమ్మిది ఆంపియరుల ప్రవాహమే పోయినచో, తొమ్మిదిని తొమ్మిదిచే గుణించి సగము తీసికొన్న 40 వాట్ల వేడి ఆ తీగెలోను స్విచ్చిలోనే పుట్టును. దీపమునకు చేరవలసిన వోల్టులలో నాలుగున్నఱ దారిలోనే పోవును. కావున దీపము మందముగా వెలుగును, తీగె కాలును. ఆ తీగె పోవునది పెట్రోలు ట్యాంకు క్రిందినుండి యని మఱవరాదు.

దీనికి మందు క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. రెండును పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినవే. మొదటిది ఫ్యూజు. ఇండ్లకు విద్యుద్దీపములు వేయబూనిన ఎడిసను 1880 మే నెలలో దీనికి పేటెంటు పొందెను. మేరకు మించిన ప్రవాహము వచ్చినప్పుడు తానుముందు కరగి, మిగిలిన తీగెను కాపాడు చిన్న తీగె యది. బోరుబావి మోటారు కొట్టములో ఫ్యూజు పోయినప్పుడు, సరియైన ఫ్యూజు తీగె దొరకక నాలుగు రాగి పోగులు మెలివేసి బిగించిన ఘనులు మనలో లేకపోలేదు. ఆ పిదప కాలినది ఫ్యూజు కాదు, మోటారు. మోటారు చుట్టించుట కెంతయ్యెనో వారిని అడుగుడు. మోటారు సైకిలు మీదను న్యాయ మదియే. కాని యిక్కడ నొక సూక్ష్మము కలదు. ఫ్యూజు దీపమును కాపాడుటకని యనుకొని దానిని దీపము దగ్గఱ బెట్టువారు కలరు. అది నిష్ప్రయోజనము. ఫ్యూజు కాపాడునది తీగెను. బ్యాటరీనుండి ఫ్యూజు వఱకు గల తీగెకు కాపరి లేడు. అది రాచుకొని చట్రమును తాకినచో బ్యాటరీలోని బలమంతయు ఒక్కమాఱుగా అందు ప్రవహించి తొడుగును మండించును. అందుచే ఫ్యూజు బ్యాటరీయొక్క ధన ధ్రువమునకు జానెడు దూరము లోపల నుండవలెను.

రెండవది రిలే. 1835 ప్రాంతమున అమెరికాలో జోసెఫు హెన్రీ దీని సూత్రమును కనుగొనెను. దూరమునుండి బలహీనమై వచ్చిన ప్రవాహము ఒక చిన్న విద్యుదయస్కాంతమును లేపును. ఆ యయస్కాంతము ఒక రేకును లాగి, అక్కడనే యున్న బలమైన ప్రవాహమునకు ద్వారము తెఱచును. 1844లో వాషింగ్టను బాల్టిమోరుల నడుమ మోర్సు తంతి నడపినపు డీ సూత్రమే సాయపడెను. ఇదియు మీరెఱుగనిది కాదు. మోటారు కొట్టములో స్టార్టరు పెట్టె పచ్చ బొత్తామును వ్రేలితో నొక్కగానే లోపల "టక్కు" మని చప్పుడగును. మీ వ్రేలి క్రింది బొత్తాములో పోవునది స్వల్ప ప్రవాహము. మోటారునకు పోవు పెద్ద ప్రవాహమును లోపలి పెద్ద రేకులు కలుపును. బొత్తామే ఆ బరువంతయు మోయవలసివచ్చినచో ఒక పంటకైనను నిలుచునా? రిలే యనునది ఆ స్టార్టరు పెట్టెకు మనుమడు. అగ్గిపెట్టెయంత యుండును, దాని చుట్ట త్రాగునది ఆంపియరులో ఏడవ వంతు మాత్రమే.

కావున తోడు దీపములకు తీగె వేయు సరియైన పద్ధతి యిది. పని మొదలుపెట్టకముందే బ్యాటరీయొక్క ఋణ ధ్రువపు తీగెను ఊడదీయవలెను. నేటి బండ్లలో చట్రము ఋణ ధ్రువముతో కలిసియుండును గనుక, ముందుగా ధన ధ్రువమును విప్పబోయి పానా చట్రమును తాకించినచో నిప్పులు చిమ్మును. పని ముగిసిన పిమ్మట ఋణమును చివరగా బిగింపవలెను. ధన ధ్రువమునుండి బయలుదేఱిన తీగె జానెడులోపల ఫ్యూజును చేరి, అటనుండి రిలేకు పోవలెను. రిలే అడుగున నాలుగు కాళ్లకు అంకెలు చెక్కియుండును. అవి జర్మను కొలతల సంప్రదాయమునుండి వచ్చి లోకమంతట నిలిచినవి. 30 అను దానికి ఫ్యూజునుండి వచ్చిన తీగె. 87 నుండి దీపములకు. 85, 86 అనునవి లోపలి చుట్టయొక్క రెండు కొనలు. వీనిలో నొక కొనను ఋణమునకును, రెండవదానిని హాండిలు మీది చిన్న స్విచ్చిగుండ బండియొక్క దూరపు వెలుగు తీగెకును కలుపవలెను. అట్లు కలిపినచో, ఎదురుబండిని చూచి తోలువాడు వెలుగును దించగానే తోడు దీపములు తామే యాఱిపోవును. తాళము తీసినను ఆఱును. దీపములనుండి తిరిగివచ్చు తీగెను చట్రమునకు తగిలించి సరిపెట్టుకొనక, బ్యాటరీ ఋణ ధ్రువమువఱకును తెచ్చుట మేలు. "చీకటి రాజకుమారుని" కథ చెప్పితిని గదా.

నేను పేర్కొన్న 110 వాట్లకు 15 ఆంపియరుల ఫ్యూజు సరిపోవును. బ్యాటరీనుండి రిలే మీదుగా దీపములు చీలుచోటివఱకు రెండున్నఱ చదరపు మిల్లీమీటరుల రాగి తీగె, చీలికలకు ఒకటిన్నఱది తగును. పెక్కు సన్నని పోగులతో పేనిన, మోటారు బండ్లకై చేసిన తీగెయే కావలెను; కుదుపులకు గట్టితీగె విఱుగును. మెలివేసి టేపు చుట్టిన యతుకు ఆఱు నెలలలో వదులగును. అతుకుచోట లోహపు గొట్టమును నొక్కి బిగించి, వేడికి ముడుచుకొను తొడుగు నెక్కింపవలెను. తీగె సైలెన్సరునకును యంత్రపు తలకును దూరముగా పోవలెను. హాండిలు మెడ దగ్గఱ కొంత వదులుంచి, హాండిలును ఎడమ కొనవఱకు, కుడి కొనవఱకు త్రిప్పి, తీగె నలుగుట లేదని కన్నులార చూడవలెను. కార్బైడు వారి రబ్బరు గొట్టము పగిలినది అచ్చటనే.

ఇంత చేసినను మూలమునందు విద్యుత్తు లేనిచో ప్రయోజనము లేదు. బండియొక్క విద్యుద్యంత్రము ఎన్ని వాట్ల నిచ్చునో కంపెనీవారి పుస్తకమున నుండును. అందులోనుండి ముందు దీపము, వెనుక దీపము, బ్రేకు దీపము, నిప్పురవ్వ, పెట్రోలు పంపు ఉన్నచో అదియు, వీని వాట్లను తీసివేయగా మిగిలినదే తోడు దీపములకు లభించును. 2017 ఏప్రిలు 1 నుండి మన దేశమున క్రొత్తగా చేసిన రెండు చక్రముల బండ్లకు, యంత్రము నడచునంతసేపు ముందు దీపము తానుగా వెలుగుచుండు నేర్పాటు విధింపబడినందున, ఆ వ్యయము పగటివేళను తప్పదు. చిన్న బండ్లలో 5 ఆంపియరు-గంటల బ్యాటరీ యుండును. 9 ఆంపియరులు త్రాగు దీపములు వెలిగించినచో, ఇచ్చువాడు లేక తినువాడే యున్నచో, లెక్కకు అరగంట. వాస్తవమునకు అంతకంటె తక్కువ. సంతలో బండి నెమ్మదిగా పోవునప్పుడు విద్యుద్యంత్ర మిచ్చునది స్వల్పము గనుక ఆ యిబ్బంది మఱింత హెచ్చు.

ఈ చిక్కును చాలవఱకు తీర్చినది ఎల్.ఇ.డి. దీపము. నీలపు వెలుగు నిచ్చు ఎల్.ఇ.డి.ని జపానున అకసాకి, అమానో, నకమురా అనువారు సాధించి, అందులకై 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందిరి. ఆ నీలపు వెలుగునుండియే తెల్లని వెలుగు సాధ్యమైనది. 20 వాట్లవి రెండు పెట్టినను మూడున్నఱ ఆంపియరులు దాటవు. 5 ఆంపియరుల ఫ్యూజు చాలును. అయితే దీనివలన నొక క్రొత్త అజాగ్రత్త పుట్టినది. "ఇది త్రాగునది కొంచెమే, దీనికి ఫ్యూజెందులకు" అందురు. దీపము త్రాగునది కొంచెమే కావచ్చును. తీగె తొడుగు చిరిగి చట్రమును తాకిననాడు తీగెలో ప్రవహించునది దీపము మేర కాదు, బ్యాటరీ మేర. బ్యాటరీ బలము దీపమును చూచి తగ్గదు.

మఱియొక కీడు ఎదుటివాని కన్నులకు సంబంధించినది. దీనిని మొదట గుర్తించినవారును పాతకాలపు వారే. 1925 ప్రాంతమున జర్మనీలో ఒకే బల్బులో రెండు చుట్టలుంచి, ఎదురుబండి వచ్చినపుడు వెలుగును క్రిందికి దించు నుపాయము వచ్చెను. 1957లో ఐరోపావారు, ఎదురుబండివైపు వెలుగును తక్కువచేసి దారి యంచువైపు హెచ్చించు దీపమును అంగీకరించిరి. వారు కుడివైపున పోవువారు. మనము ఎడమవైపున పోవుదుము. వారి దారులకై చేసిన దించిన వెలుగు దీపమును ఇక్కడ తగిలించినచో వెలుగు తిన్నగా మన యెదుటివాని కన్నులలోనికే పోవును. కొనునపుడు దీనిని విచారింపవలెను. చట్టమును కూడ విచారింపవలెను. కంపెనీవారు నిర్ణయించినదానికి విరుద్ధముగా బండిని మార్పరాదని 1988 మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు దానిని గట్టిగా సమర్థించిరి. దీపములు కొనకముందే రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట, కొన్న తరువాత దారిలో జరిమానా కట్టుటకంటె చౌక.

అనుమతి యుండి దీపములు పెట్టించినచో, మీరు స్వయముగా చేయదగిన పరీక్ష యొకటి కలదు. సందెవేళ బండిని చదునైన నేలమీద గోడకెదురుగా, పదునాఱడుగుల దూరమున నిలుపుడు. మనుమని బండిమీద కూర్చుండబెట్టుడు. అతని బరువునకు వెనుక భాగము క్రుంగి వెలుగు పైకి లేచును గనుక ఇది యవసరము. నేలనుండి దీపపు నడిబొడ్డు ఎంత యెత్తుననున్నదో కొలిచి, గోడమీద నంతే యెత్తున సుద్దతో అడ్డగీత గీయుడు. వెలుగుముద్దలో మిక్కిలి ప్రకాశమైన భాగము ఆ గీతకు కొన్ని అంగుళములు క్రిందుగా, రెండు దీపములవియు సమముగా, ఎడమ అంచువైపునకు కొంచెము వాలి యుండవలెను. గీతకు పైగా ఉన్నచో మరను వదులు చేసి దీపమును దించి, తిరిగి బిగింపుమనుడు. తరువాత వెలుగును దింపుమని చెప్పి, తోడు దీపములు ఆఱినవో లేదో చూడుడు. యంత్రమును కొంతసేపు నడువనిచ్చి, దానిని ఆపి, తాళము తీసిన పిదప ఫ్యూజుదిమ్మను, రిలే కాళ్ల దగ్గఱి తీగెలను వ్రేలితో ముట్టి చూడుడు. గోరువెచ్చగా నున్నచో బాధలేదు. వ్రేలు నిలుపలేనంత వేడిగా నున్నచో అతుకు వదులైనదనుట నిశ్చయము. ఆ రాత్రి ఆ దీపములను వెలిగింపనీయక, మఱునాడు మేస్త్రీచేత ఆ యతుకును విప్పించి మరల వేయింపుడు.